పెనం మీద కూర్చున్న తాత ఎవరి తాత

మా ఊరికి మూడు పేర్లు. పాద్రీలు పెట్టిన పేరు సాన్ బర్తొలో. అది గుడి గోడ మీదా, ఉత్సవం నాటి బాణసంచా మోతలోనూ తప్ప ఎక్కడా వినిపించదు. ఆ పాద్రీల వెంట మూటలు మోసుకుంటూ మెక్సికో నుంచి వచ్చిన సైనికులు పెట్టిన పేరు కొమల్తెనాంగో. అది బస్సుల నుదుట రాసి ఉంటుంది. మేము పుట్టుకతో పిలుచుకునే పేరు చువిషోత్. పెనం మీద అని దాని అర్థం. మూడింటిలోనూ పొయ్యి దాకా వచ్చిన పేరు ఇదొక్కటే కనుక, మేము ప్రార్థించేదీ ప్రమాణం చేసేదీ దీని పేరిటే. తగువులాడుకునేదీ దీని గురించే.

ఊరు పుట్టిన కథలో తగువు లేదు. సూర్యుడింకా పుట్టని కాలంలో, చీకటిలోనే నడిచి నడిచి, రెండు వంశాల వారు ఈ కొండ ఎక్కారు. ఒక వంశానికి పెద్ద కాన్ తాత, రెండో వంశానికి పెద్ద బాత్స్ తాత. వెంట వచ్చిన ముసలమ్మ మూడు రాళ్లు పేర్చి, కొత్త మట్టి పెనానికి సున్నపు నీళ్లు పూసి, నివురు కప్పిన నిప్పు మీద పెట్టింది. దారి బడలికతో ఉన్న తాత ఒకడు, చీకటిలో దానిని పీటగా భావించి, దాని మీద సుఖాసీనుడయ్యాడు. మరుక్షణం ఆయన కంఠం నుంచి వెలువడిన నాదానికి తూర్పు కొండ వెనుక నిద్రిస్తున్న సూర్యుడు ఉలిక్కిపడి లేచాడు. లోకానికి అదే తొలి ఉదయం. పక్కన నిలబడి ఉన్న రెండో తాత ఆ వెలుగును అందరికంటే ముందు చూసి, చేతులు జోడించి, "ఇదే మన చోటు, దీని పేరు పెనం మీద" అన్నాడు.

ఇంతవరకు ఊరంతా ఏకకంఠం. చూసిన తాత ఎవరు, కూర్చున్న తాత ఎవరు అనే దగ్గర ఆ కంఠం రెండుగా చీలుతుంది. కాన్ తాత సంతతి దిగువపేట, బాత్స్ తాత సంతతి ఎగువపేట. దిగువపేటలో పుట్టిన శిశువు, చూసినవాడు కాన్ తాతేనని తల్లిపాలతో నేర్చుకుంటుంది. ఎగువపేట శిశువు అందుకు సరిగ్గా విరుద్ధమైన సత్యాన్ని అంతే భక్తితో నేర్చుకుంటుంది. ఆ పృష్ఠభాగం ఎవరి వంశానికి చెందినదో తేలక ఎన్ని తరాలు గడిచాయో చెప్పగలవారు లేరు.

దీనిని మరిచిపోయి బతుకుదామంటే మా ఆచారం ఒప్పుకోదు. పిల్లనడగడానికి వెళ్లినవారు సృష్టి దగ్గర మొదలుపెట్టి, ఊరి పేరు మీదుగా, పిల్ల ఇంటి గుమ్మం దాకా మాటలతోనే నడిచి రావాలి. అలా నడిపించేవాడిని బాటపెద్ద అంటాం. ఆయన ప్రతి మాటా జంటగా పలకాలి. పూర్వార్ధం పలికితే ఉత్తరార్ధం పలకాలి. జంట లేని పాదాన్ని దేవుడూ వినడు, పిల్ల తండ్రీ వినడు. ఒక పేట అబ్బాయికి రెండో పేట అమ్మాయిని అడగవలసి వచ్చినప్పుడు, పెనం ప్రస్తావన రాగానే, తమ తాతే ఒళ్లు కాల్చుకున్నాడని వినవలసిన పక్షం వారంతా గట్టిగా దగ్గుతారు. దగ్గులో మాట మునిగిపోతుంది. మర్యాద దక్కుతుంది, పెళ్లి జరుగుతుంది. పరాయి ఊరివాడు చూస్తే మా ఊళ్లో పెళ్లిళ్లకు క్షయరోగం పట్టుకుందనుకుంటాడు.

దిగువపేట బాటపెద్ద తేక్. కిత్తనార నుంచి తాళ్లు పేని, మట్టి పెనాలు వీపున మోయడానికి వలలు అల్లడం ఆయన వృత్తి. తండ్రి బరువులు మోసే మనిషి. ఆ తండ్రి వెనుక చిన్నతనంలో సముద్రతీరపు సంతల దాకా నడుస్తూ, మడమల నొప్పి మరవడానికి ముసలివారి ప్రార్థనలు జంటలు జంటలుగా వల్లించి, ఆ లయను కాళ్లలోకి ఎక్కించుకున్నాడు. కాళ్లలోంచి అది నాలుకకు పాకింది. ఇక దిగలేదు. ఉప్పు కొనడానికి వెళ్లినా "ఉప్పు పెట్టమ్మా, తెల్లనిది పెట్టమ్మా" అనేవాడు. వల అల్లుతూ ముల్లు గుచ్చుకుంటే "అబ్బా" అని ఊరుకోక "అమ్మా" అని జత చేసేవాడు. కీర్తిశేషురాలైన ఆయన భార్య, "ఈయన రొట్టె అడగడం పూర్తయ్యేసరికి రొట్టె చల్లారుతుంది" అని వాపోయేది.

సంతలో కుర్రకారుకు అదొక వినోదం. దూరం నుంచి ఒకడు, "తేక్ అయ్యా, వాన వచ్చింది" అని అర్ధపాదం విసిరేవాడు. తేక్ తల ఎత్తకుండానే "మబ్బు కరిగింది" అనేవాడు. "కుక్క మొరిగింది" అంటే "దొంగ వణికాడు". ఆయన నిద్రలో ఉండగా కిటికీ బయట సగం మాట అన్నా లోపలి నుంచి తక్కిన సగం వచ్చేదని చెప్పుకుంటారు. అది నిజమో కాదో తెలియదు గాని, ఎగువపేట బాటపెద్ద మాష్ మాత్రం దానిని నమ్మేవాడు.

మాష్ కొవ్వొత్తులు పోస్తాడు. వీరిద్దరూ పడుచుతనం నుంచీ గుమ్మాల దగ్గర ఎదురెదురుగా నిలబడి మాటల యుద్ధం చేసినవారే. తేక్ ఎన్నోసార్లు బాత్స్ తాతను పెనం మీద కూర్చోబెట్టాడు, మాష్ ఎన్నోసార్లు దగ్గాడు. మాష్ అన్నేసార్లు కాన్ తాతను కూర్చోబెట్టాడు, తేక్ అంతకంటే గట్టిగా దగ్గాడు. ఒకరి మీద ఒకరికి ఉన్న గౌరవం ఆ దగ్గులోనే తెలిసేది.

ఇలా ఊరివారందరికీ పెళ్లిళ్లు కుదిర్చి ఇళ్లు నిలబెట్టిన తేక్ తన ఇంట్లో ఒంటరి. కొడుకూ కోడలూ ఉన్నారు, మనవడున్నాడు. అయినా భార్య పోయిన తరువాత ఆ ఇంట్లో మాటకు మాట జత కలిపే మనిషి లేదు.

తలిన్ ఎగువపేట స్త్రీ, వితంతువు. ఆమె చేసిన పెనం వేలితో తడితే గుడిగంట వినిపిస్తుందని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. గురువారం సంతలో పెనాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కూర్చునేది. తేక్ వలలు అమ్మే స్థలం పూర్వం గొర్రెల సంత దగ్గర ఉండేది. అది ఏ కారణమూ చెప్పకుండా జరిగి జరిగి, చివరకు ఆమె పెనాల నీడలోకి వచ్చి చేరింది.

"తలిన్ అమ్మా, వల తెచ్చాను, బుట్ట తెచ్చాను," అన్నాడు ఒకనాడు.

"రెండూ ఒకటేగా తేక్ అయ్యా. నాకున్నదీ ఒకటే వీపు."

"ముడి గట్టిది, పురి గట్టిది."

ఆమె వలను రెండు చేతులా సాగదీసి చూసి, పెనాన్ని పరీక్షించినట్టే దానినీ వేలితో తట్టింది. "మీ ఇంట్లో మిమ్మల్ని అన్నానికి ఎవరు పిలుస్తారు?"

"కోడలు పిలుస్తుంది."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"అదీ సంగతి. మీకు రెండుసార్లు పిలిచే మనిషి కావాలి."

తేక్ నాలుకకు ఆ క్షణంలో ఉత్తరార్ధం తోచలేదు. జీవితంలో అదే మొదటిసారి కావచ్చు. తలిన్ మాత్రం పెనాలు సర్దుకుంటూ, వాతావరణం గురించి చెప్పినంత తేలికగా చెప్పింది. "నాకేం అభ్యంతరం లేదు. కానీ నేను ఎగువపేట దాన్ని. మా తాత పిర్రలు కాలిన కథ పొద్దున్నా సాయంత్రం వింటూ రొట్టెలు కాల్చలేను."

"ఇంట్లో అనను, వాకిట్లో అనను."

"ఊళ్లో అంటారుగా. ప్రతి పెళ్లికీ అంటారు. మిమ్మల్ని చేసుకున్నాక, ఎవరి గుమ్మం ముందో మా తాత కాలుతుంటే నేను మీ పక్కన కూర్చుని దగ్గాలా? నా ఊపిరితిత్తులు మట్టి దుమ్ముకే సరిపోయాయి. కూర్చున్నది మీ తాతేనని ఒక్కసారి మీ నోటితో అనండి. తర్వాత మా అన్న గుమ్మానికి రండి."

తేక్ వలలు చుట్టుకుని ఇంటికి వెళ్లాడు. తలిన్ కావాలి, అది నిశ్చయం. కాని ఏ తాత పేరిట తన పేటవారు తనను బాటపెద్దను చేశారో, ఆ తాతను తన నోటితోనే పెనం మీద కూర్చోబెడితే, దిగువపేటలో ఏ గుమ్మం ముందు తల ఎత్తుకోగలడు? ఇంకొక చిక్కూ ఉంది. పెళ్లికొడుకు తనకు తాను పిల్లను అడగరాదు. అడగడానికి వెళ్లిన చోట మోకాళ్ల మీద వంగి, పైన్ చెట్టు సూదాకు ఒకటి పెదవుల మధ్య పట్టుకుని, మౌనంగా ఉండాలి. ఆకు కింద పడితే అడిగినది అడగనట్టే. మరి ఊళ్లో తేక్ కాక ఉన్న బాటపెద్ద ఒక్కడే.

మాష్ పెరట్లో పెద్ద చక్రానికి ఒత్తులు వేలాడదీసి, ఒక్కొక్క దాని మీదా గరిటెతో మైనం పోస్తున్నాడు.

"ఏమయ్యా మాష్, ఉన్నావా?"

"లేను. మైనం దానంతటదే పోసుకుంటోంది. లోపలికి రా."

"నీ ఆరోగ్యం ఎలా ఉంది, నీ ఒళ్లు ఎలా ఉంది?"

"రెండూ కలిసే ఉన్నాయి. పని చెప్పు."

"ఓ ఇంటికి వెళ్లాలి."

"వెళ్లు. బాటపెద్దవి, దారి నేను చెప్పాలా?"

"అది నేను మాట్లాడకూడని ఇల్లు."

మాష్ గరిటె గాలిలో ఆగింది. "ఎవరికోసం? మీ మనవడికా?"

"వాడికింకా పాలపళ్లే ఊడలేదు."

"మరి?"

"నాకే."

మాష్ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆయన పడిన ప్రయాసలో మైనం ఒత్తి మీద కాక చెప్పు మీద పడింది. "నీకా? ఆ మోకాళ్లతోనా? వంగితే లేపడానికి ఇద్దరు కావాలి. ఎవరయ్యా ఆ అదృష్టవంతురాలు?"

"తలిన్."

"కష్పాల్ చెల్లెలా? పెనాల తలినా?" మాష్ చెప్పు మీది మైనం గోటితో గీకుతూ కాసేపు ఆలోచించాడు. "మాట్లాడతాను. కానీ ఒకటి. ఎగువపేట గుమ్మం ముందు నిలబడి బాత్స్ తాతను పెనం మీద కూర్చోబెడితే, కష్పాల్ నన్ను పొయ్యిలో కూర్చోబెడతాడు. నేను మాట్లాడితే మా కథే."

"ఆ పాదం వదిలెయ్."

"ఊరి పేరు లేకుండా పెళ్లా? పేరు లేని ఊళ్లో కాపురం పెడతావా నువ్వు?"

తేక్ పెరట్లో అటూ ఇటూ నడిచాడు. శాస్త్రం తెలిసినవాడు శాస్త్రంలోనే సందు వెతుకుతాడు. వెతికాడు, దొరికింది. "సగం చెప్పు."

"సగమా?"

"పూర్వార్ధం పలికి వదిలెయ్. జత లేని పాదానికి సాక్ష్యం లేదు, నీకు తెలియంది కాదు. మావాళ్లు దగ్గుతారు. నీ పేటకు నీ మాట దక్కుతుంది, నా పేటకు నా పరువు దక్కుతుంది."

మాష్ చాలా తొందరగా ఒప్పుకున్నాడు. "నీ తెలివి ముందు నేనెంతయ్యా" అని కూడా అన్నాడు. మాష్ నోట ఆ మాట ఎన్నడూ వినని తేక్ అప్పుడే అనుమానించవలసింది. కాని పెళ్లి తలపెట్టిన మనిషికి పొగడ్త పొగడ్తలాగానే వినిపిస్తుంది. ఆయన దారి పొడవునా పాట పాడుకుంటూ, ప్రతి చరణం రెండుసార్లు పాడుకుంటూ, ఇంటికి వెళ్లాడు.

ఆచారం ప్రకారం మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు తెరవలేదు. మలిసారి కుక్కను వదిలారు. అది తలిన్ పెంచిన కుక్క కనుక తేక్ చేతులు నాకింది, దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ తరువాతి రాక అసలైనది. సూర్యుడు కొండ అంచున కాలు మోపే వేళకు, కష్పాల్ ఇంటి ముందు పైన్ ఆకులు పరిచి ఉన్నాయి. ధూపం పొగ కప్పు దాకా లేస్తోంది. మాష్ తలగుడ్డ చుట్టుకుని ముందు నిలబడ్డాడు. ఆయన వెనుక తేక్, పెదవుల మధ్య సూదాకుతో, మోకాళ్ల మీద. తేక్ వెనుక దిగువపేట బంధుగణం రొట్టెల బుట్టలతో, చెరకు సారా సీసాలతో, దగ్గడానికి సిద్ధం చేసుకున్న గొంతులతో.

తలిన్ అన్న కష్పాల్ తలుపు సందులోంచి తొంగి చూశాడు. ఆయన చెప్పవలసిన మాటలు ముత్తాతల నాటివి. వాటిని మార్చే అధికారం ఆయనకు లేదు. కనుక నెరిసిన జుట్టు గల చెల్లెలి గురించి ముఖం చెదరకుండా ఇలా అన్నాడు. "పొరపాటున వచ్చారు. మా పిల్ల పసిది. ఇంకా పొయ్యి దగ్గరికి వెళ్లడం తెలియదు. రొట్టె తట్టడం రాదు."

ఆ పిల్ల చేతి రొట్టె తిని పెరిగినవారు గుమ్మం ముందు సగం మంది ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. లోపల ఎవరో పెనం దించిన చప్పుడు, కాస్త కోపంగానే, వినిపించింది.

మాష్ గొంతు సవరించుకున్నాడు.

"సూర్యుడు లేని దారిన నడిచిన వారి బిడ్డలం, చంద్రుడు లేని తోవన తడిసిన వారి మనుమలం. మీ గుమ్మం ముందు దుమ్మై వాలాం, మీ గడప ముందు మంచై కురిశాం."

మాష్ ఆనాడు అద్భుతంగా పలికాడని తేక్ స్వయంగా తరువాత ఒప్పుకున్నాడు. కొండలు ఎక్కాడు, వాగులు దాటాడు, మొక్కజొన్న పుట్టిన గుహ ముందు తల వంచాడు. చివరకు మూడు రాళ్ల దగ్గరికి వచ్చాడు.

"చీకటిలో పెనాన్ని పీట అనుకుని కూర్చున్నది దిగువపేట కాన్ తాత..."

దిగువపేట ఒక్కుమ్మడిగా దగ్గింది. అది మామూలు దగ్గు కాదు. బుట్టలు అదిరాయి, కోళ్లు పరుగెత్తాయి. మాష్ కదలలేదు. రెండు చేతులూ కడుపు మీద కట్టుకుని, గుడిలో ఊరేగింపు వెళ్లిపోయేదాకా ఆగే మనిషిలా, ఓపికగా నిలబడ్డాడు. దగ్గేవారికి ఊపిరి కావాలి కదా. ఒకరి తరువాత ఒకరు తగ్గారు. చివరి ముసలాయన ఒకరు గౌరవార్థం ఇంకొకసారి దగ్గి, ఆయాసంతో ఆపేశారు.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మధ్య జంట లేని పాదం, ఒక్క మేకుకు వేలాడుతున్న తలుపులా, గాలిలో నిలిచి ఉంది. మాష్ నోరు విప్పడు. ధూపం పొగ కూడా అడ్డంగా తిరిగి వింటున్నట్టు అనిపించింది.  తేక్ పెదవుల మధ్య సూదాకు వణికింది. ఆయన కళ్లు మూసుకున్నాడు, నాలుకను పళ్ల మధ్య నొక్కి పట్టాడు. ఎంత నొక్కినా నాలుక తన ధర్మం తాను చేసింది.

"...పొద్దును కేకేసి లేపుకున్నది దిగువపేట కాన్ తాత."

సూదాకు కింద పడింది.

వెనుక దిగువపేటవారు దగ్గబోయారు. ఊపిరి లేదు. మాట పలికినంత స్పష్టంగా అందరికీ వినిపించింది.

కష్పాల్ తలుపు పూర్తిగా తెరిచాడు. "ఆకు పడింది. పెళ్లికొడుకు మాట్లాడాడు. అడిగింది అడగనట్టే. ఇంటికెళ్లండి."

"ఆగు కష్పాల్ అన్నా," అన్నాడు మాష్, ఎంతో వినయంగా. "మాట్లాడింది పెళ్లికొడుకా, బాటపెద్దా? అది తేలాలిగా. పెళ్లికొడుకే మాట్లాడాడంటే నువ్వన్నట్టే, ఇంటికెళ్లిపోతాం. ఆ మాటకూ విలువ లేదు, దిగువపేట పరువు ఎక్కడిదక్కడే ఉంటుంది. బాటపెద్ద మాట్లాడాడంటే మాత్రం పాదానికి జత దొరికినట్టే. సాక్ష్యం నిలిచినట్టే. నేను ముందుకు సాగొచ్చు."

"ఎవరు తేలుస్తారు?"

"మాట్లాడినాయనే తేల్చాలి. నోరు మెదపకుండా."

అందరి చూపులూ తేక్ మీద పడ్డాయి. వెనుక నుంచి ఆయన మేనల్లుడు గుసగుసగా, "మామా, లేచొచ్చెయ్. ఈ పిల్ల కాకపోతే ఇంకో పిల్ల" అన్నాడు. లోపల పెనాల చప్పుడు ఆగిపోయింది. తలుపు వెనుక ఎవరో వచ్చి నిలబడ్డారు.

తేక్ కింద పడిన సూదాకు వైపు చూశాడు. వెనుక తన పేట, తన తాత, తన తలగుడ్డకు ఉన్న మర్యాద. ముందు ఒక తలుపు, దాని వెనుక తనను రెండుసార్లు పిలవగల ఒక మనిషి. ఆయన ఎడమ చేతిని నేలకు ఆనించి, మెల్లగా ఒక మోకాలు లేపాడు. లేచి వెళ్లిపోతున్నాడనుకుని మేనల్లుడు చేయి అందించబోయాడు. తేక్ ఆ చేయి అందుకోలేదు. నిటారుగా నిలబడి, కుడి చేతిని వెనక్కి తీసుకువెళ్లి, తన ఆసనభాగం మీద ఉంచి, అప్పుడే కాలినవాడిలా, ముఖం చిట్లించి, గంభీరంగా రుద్దుకున్నాడు.

ముందుగా నవ్వింది తలుపు వెనుక మనిషి. ఆ నవ్వు విన్న కష్పాల్ గడప మీద కూలబడి నవ్వాడు. ఎగువపేట అంతా నవ్వింది. దిగువపేటలోనూ కొందరు నవ్వి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకోవడానికి ప్రయత్నించారు. తలిన్ ఒప్పుకున్నట్టుగా రెండు గిన్నెల చాక్లెట్ పానీయం నురగతో తెచ్చి ఒకటి తేక్ చేతిలో పెట్టింది.

"తేక్ అయ్యా, తాగండి," అంది. ఆయన కదలక నిలబడి ఉంటే నవ్వుతూ మళ్లీ అంది. "తేక్ అయ్యా, వేడిగా ఉంది, చూసి పట్టుకోండి."

పిలుపుకు జత కుదిరింది. తేక్ తాగాడు.

ఆ తరువాత దిగువపేట ఆయనకు చేసిన సత్కారం వర్ణించడం కష్టం. సంతలో ఆయన కూర్చునే చోట ఉన్ని దిండ్లు వెలిశాయి. "కూర్చుంటారా తేక్ అయ్యా? చల్లగానే ఉంది, చేయి పెట్టి చూశాం" అనేవారు. సొంత కొడుకు సైతం కొన్నాళ్లు తండ్రి ముందు పీట వేయడానికి జంకాడు.  పెళ్లై తలిన్ ఇంటికి మారిన తేక్ ఎగువపేటలో ఆమె వసారాలో కిత్తనార పేనుకుంటూ, ఆనాడు తన నోటి నుంచి తనకు తెలియకుండానే వెలువడిన ఉత్తరార్ధాన్ని పదే పదే నెమరు వేసుకున్నాడు. పొద్దును కేకేసి లేపుకున్నది. ఆలోచించిన కొద్దీ ఆ పాదంలో ఆయనకు మరేదో కనిపించసాగింది.

ఒక సాయంత్రం తలిన్ పెనానికి సున్నపు నీళ్లు పూస్తూ అంది. "ఆ రోజు తొందరపడొద్దని మాష్ అన్నకి చెప్పింది నేనే. దగ్గు ఆగేదాకా నోరు మెదపకన్నాను."

"తెలుసు," అన్నాడు తేక్.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆకు పడుతుండగా తెలిసింది. పడ్డాక తెలిసింది."

కొంతకాలానికి దిగువపేట కుర్రవాడొకడికి ఎగువపేట పిల్లను అడగవలసి వచ్చింది. ఆ కుర్రవాడి తండ్రి ఇష్టం లేకపోయినా తేక్ దగ్గరికే వచ్చాడు. రాక చేసేదేముంది? ఆ ఉదయం గుమ్మం ముందు రెండు పేటల వారూ నిండిపోయారు. పిల్ల కంటే, పిల్లవాడి కంటే, పెనం దగ్గర తేక్ ఏమంటాడన్నదే అందరి ఆత్రం. ఎదురుగా ఎగువపేట తరఫున మాష్. తేక్ మూడు రాళ్ల దగ్గరికి వచ్చాడు. దిగువపేటవారు ఊపిరి నింపుకున్నారు.

"కూర్చున్నవాడు లేకుంటే కేక లేదు, కేక లేకుంటే పొద్దు లేదు. మా తాత ఒళ్లు కాల్చుకుంటే మీ తాత కళ్లు తెరుచుకున్నాయి. లోకంలో వెలుగు ఎవరి నొప్పి నుంచి పుట్టిందో ఆయన బిడ్డలం, ఆ వెలుగును ఊరికే నిలబడి చూసిన ఆయన బిడ్డల గడపకు వచ్చాం."

ఎవరూ దగ్గలేదు. దిగువపేటవారు నింపుకున్న ఊపిరి మెల్లగా వదిలి, వెన్ను నిటారు చేసుకున్నారు. ఎగువపేటవారు, తాము కోరినదే అయిన ఆ కథను విని, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అంతా తమకు అనుకూలంగానే ఉంది. అయినా ఏదో పోయినట్టుంది. 

ఆ మరునాటి గురువారం సంతలో తేక్ ముందు ఉన్ని దిండ్లు కనిపించలేదు. దిగువపేట పిల్లలు కొండ మీద ఆటలో ఎవరు పెనం మీద కూర్చోవాలని తన్నుకున్నారు. కొంతకాలం గడిచాక, కొవ్వొత్తుల కట్ట ఒకటి చేత పట్టుకుని, దేవుడికి కాదు, పేట వరసకు చెల్లెలైన తలిన్‌కు తెచ్చానంటూ, మాష్ ఆమె వసారాలోకి వచ్చాడు. కూర్చున్నాడు. వాన గురించి మాట్లాడాడు. మైనం దొరకడం లేదన్నాడు. చివరకు చెవి గోక్కున్నాడు.

"ఏమయ్యా తేక్. మా ముత్తవ్వ చిన్నప్పుడు ఓ మాట అనేది, ఇప్పుడే గుర్తొచ్చింది. ఆ పెనం మీద కూర్చున్నది... బహుశా మా బాత్స్ తాతేనేమో."

తేక్ నార పేనడం ఆపలేదు. "కుదరదు. నీ ఎదుటే సాక్ష్యం నిలిచింది, నీ నోటే పాదం పుట్టింది."

"సగమే అన్నానయ్యా నేను."

"తక్కిన సగమూ పలికానయ్యా నేను."

"మా పేటంతా అనుకుంటున్నారు. చూడటం ఎవడైనా చూస్తాడు. కూర్చోవడానికి గుండె కావాలంటున్నారు."

"గుండె కాదు మాష్. కాలింది వేరే చోట."

మాష్ కోపంగా లేచి, మళ్లీ కూర్చుని, తాను కూర్చున్నది ఏమిటో ఒకసారి తడిమి చూసుకున్నాడు. చల్లని పీటే. తలిన్ పిండి ముద్దను అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేసింది.

"ఇద్దరు తాతలకీ ఒకరు కాలినందుకు గొప్ప, ఒకరు చూసినందుకు గొప్ప," అంది రొట్టె తిరగేస్తూ. "పెనం వేడిగా ఉంది, కూర్చోకండ్రా అని ముసలమ్మ ముందే చెప్పిందంటారు మా ఆడవాళ్లు. ఆ మాట ఏ తాత విన్నాడు?"

మాష్ తేక్ వైపు చూశాడు. తేక్ నాలుక అలవాటుగా కదిలింది, పళ్ల దాకా వచ్చింది, ఆగింది. ఆ పాదానికి జత ఆయనకు ఇంతవరకు దొరకలేదు. తలిన్ రొట్టె తీసి ఇద్దరి ముందూ పెట్టి, రెండుసార్లు తినమంది.